షిరాజ్ చుట్టాలు ఎక్కడెక్కడ ఉన్నారు?

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళుగా బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర ఉంటున్నాం. వారాంతంలో భోజనంతో పాటు ఒక గ్లాసు రెడ్ వైన్ తాగడం నాకూ నా భార్యకూ అలవాటు. ఎప్పుడు కొన్నా షిరాజ్, కాబర్నే సావిన్యాన్, మెర్లో, ఈ మూడే. ఈ మధ్య జార్జియా దేశం వెళ్ళివచ్చిన సహోద్యోగి ఇంట్లో సపెరావి అనే వైన్ రుచి చూశాను. ఆ నల్లటి రంగు, ఆ పులుపు మరిచిపోలేకపోతున్నాను. అప్పటి నుంచి ఇలాంటి ద్రాక్షలు ఇంకా ఏమున్నాయా అని వెతికి, వంద రకాల పేర్లతో ఒక జాబితా రాసుకున్నాను. ఒక్కొక్కటే కొని తాగి, పేరు కొట్టేయాలని నా ఆలోచన. కానీ ఇక్కడి దుకాణాల్లో వాటిలో నాలుగో అయిదో తప్ప కనిపించడం లేదు, కనిపించినవి ఖరీదు. నెలకు నాలుగు వేలు మించి పెట్టలేను. ఎక్కడ మొదలుపెట్టాలి? మా ఇంటి కారం, పులుపుల పక్కన ఇవి నిలబడతాయా? మా ఆవిడకు వగరు వైన్లు నచ్చవు, బెంగళూరు బ్లూ ద్రాక్షతో చేసే తియ్యటి వైన్ అంటేనే ఇష్టం. ఆమెకు నచ్చేవి కూడా ఈ దారిలో ఉంటాయా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: ముందుగా ఆ వంద పేర్ల జాబితాను పక్కన పెట్టండి. ప్రపంచంలో వైన్ కోసం సాగయ్యే ద్రాక్ష రకాలు 1,300కు పైనే ఉన్నాయి. పేర్లు కొట్టేసుకుంటూ పోతే ఒక్కొక్కటీ ఒకసారి నాలుక మీద పడి వెళ్ళిపోతుంది. పేరు మిగులుతుంది, రుచి గుర్తుండదు. దానికి బదులు మీకు బాగా తెలిసిన మూడు ద్రాక్షల చుట్టరికాలు పట్టుకుని బయలుదేరండి. ద్రాక్షలకూ తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు ఉంటారు. గత ముప్ఫై ఏళ్ళలో డీఎన్ఏ పరీక్షలు ఆ వంశాలను చాలావరకు తేల్చేశాయి. తెలిసిన రుచి పక్కన తెలియని రుచిని పెట్టి చూస్తేనే తేడా ఎక్కడుందో నాలుకకు అందుతుంది. నాలుగు వేల రూపాయలతో చేయగలిగిన పని కూడా ఇదే.

షిరాజ్‌తోనే మొదలుపెడదాం. ఫ్రాన్స్‌లో దీన్నే సిరా అంటారు. ఇది ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందన్న కథ ఇప్పటికీ చాలామంది చెబుతారు. 1990ల చివర్లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లోని మాంపెలియే పరిశోధకులు కలిసి చేసిన డీఎన్ఏ పరీక్షలతో ఆ కథకు ఆధారం పోయింది. దీని తల్లి మొందూజ్ బ్లాంష్ అనే తెల్ల ద్రాక్ష, ఆల్ప్స్ పర్వతాల పక్కనున్న సవ్వా ప్రాంతానిది. తండ్రి దురేజా అనే నల్ల ద్రాక్ష, రోన్ నదికి పడమట ఉన్న ఆర్దెష్ కొండలది. ఇద్దరూ ఊరు దాటి పేరు తెచ్చుకోనివాళ్ళే. అమ్మానాన్నలు దాదాపు కనుమరుగైపోతే బిడ్డ మాత్రం ఆస్ట్రేలియా, నాసిక్, నంది కొండల దాకా పాకింది.

తల్లి పుట్టింటివైపు ఇంకో దగ్గరి బంధువు మొందూజ్, ఇది నల్ల ద్రాక్ష. సవ్వాలో ఇప్పటికీ పండిస్తున్నారు. షిరాజ్‌లో మీకు తెలిసిన మిరియాల వాసన దీనిలోనూ ఉంటుంది. కానీ చల్లటి కొండ గాలిలో పండటం వల్ల ఒళ్ళు (నోట్లో తగిలే చిక్కదనం) పలచన, పులుపు ఎక్కువ, ఆల్కహాల్ 12 శాతం అటూ ఇటూ. మన షిరాజ్‌లలో అది తరచు 13 దాటుతుంది. ఆ మిరియాల వాసన ఊహ కాదు. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు షిరాజ్ ద్రాక్షలోనూ నల్ల మిరియాల్లోనూ ఉన్నది రొటండోన్ అనే ఒకే పదార్థమని బయటపెట్టారు. ఇటలీ ఈశాన్య మూలన, స్లొవేనియా సరిహద్దుకు ఆనుకుని ప్రెపొత్తో అనే చిన్న ఊరు ఉంది. అక్కడి స్కియోపెత్తీనో ద్రాక్షలోనూ ఇది పుష్కలంగా ఉంటుంది. ఆ ద్రాక్ష 1970ల నాటికి అంతరించే దశకు చేరింది. ఒకటి రెండు రైతు కుటుంబాల పట్టుదల వల్ల బతికి బయటపడింది. ఎప్పుడైనా ఇటలీ వెళితే వదలకండి.

ఇక షిరాజ్ బిడ్డ సంగతి. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా డ్యూరిఫ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి దగ్గర సిరా, పెలుర్సాన్ అనే మరో ద్రాక్షతో సహజంగా సంకరమై కొత్త రకం పుట్టింది. ఆయన పేరే దానికి నిలిచింది. పుట్టిన దేశంలో దానికి ఆదరణ దక్కలేదు. కాలిఫోర్నియాలో పెటీట్ సిరా పేరుతో, ఆస్ట్రేలియాలోని రూథర్‌గ్లెన్‌లో డ్యూరిఫ్ పేరుతో స్థిరపడింది. పండ్లు చిన్నవి, తొక్క మందం, అందుకే రంగు కలంలో పోసే ఇంకులా ఉంటుంది, వగరు మాత్రం షిరాజ్‌కు రెండింతలు అనిపిస్తుంది. దీన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ధర. విదేశీ వైన్ల మీద మన దేశంలో ఏళ్ళ తరబడి 150 శాతం సుంకం ఉంటూ వచ్చింది. 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన భారత్-ఆస్ట్రేలియా ఒప్పందం ప్రకారం సీసా 5 డాలర్లు దాటిన వైన్ల మీద సుంకం వెంటనే 100 శాతానికి, 15 డాలర్లు దాటినవాటి మీద 75 శాతానికి దిగింది. పదేళ్ళలో ఇంకా దిగుతుంది. అందువల్ల మీ డబ్బుకు ఆస్ట్రేలియా సీసాల్లో కాస్త మంచి సరుకు వస్తుంది. అక్కడి మెక్‌లారెన్ వేల్, కింగ్ వ్యాలీ ప్రాంతాల్లో ఇటలీ ద్రాక్షలు ఇష్టంగా వేస్తున్నారు. దుకాణంలో ఆస్ట్రేలియా వరుసలో షిరాజ్ కాని సీసా కనబడితే ఒకసారి చేతిలోకి తీసుకోండి.

కాబర్నే సావిన్యాన్, మెర్లో రెండూ ఒకే ఇంటి పిల్లలు. ఆ ఇంటి పెద్ద కాబర్నే ఫ్రాంక్. కాబర్నే ఫ్రాంక్‌కూ సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షకూ పుట్టింది కాబర్నే సావిన్యాన్ అని 1990ల నడుమ డేవిస్ పరిశోధకులే తేల్చారు. మెర్లో తల్లి ఎవరో 2009 దాకా తెలియలేదు. మాగ్దలేన్ నోయిర్ దె షరాంత్ అనే, అందరూ మరిచిపోయిన ఒక పాత తీగ అని చివరికి తేలింది. ఇంటిపెద్దను మాత్రం మనం పట్టించుకోం. ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డున షినోన్, బూర్గెయ్ ఊళ్ళలో కాబర్నే ఫ్రాంక్‌ను విడిగా వైన్ చేస్తారు. కాబర్నే సావిన్యాన్ కంటే తేలిక, పెన్సిల్ చెక్కినప్పటి వాసన, పచ్చి ఆకు వాసన కొద్దిగా.

ఆ ఇంట్లోనే ఇంకో బిడ్డ కార్మెనేర్. దీని కథ నాకు చాలా ఇష్టం. ఒకప్పుడు ఫ్రాన్స్‌లోని బోర్డోలో పండేది. 1860ల తర్వాత ఫిలోక్సెరా అనే పేను వేర్లు తినేసి యూరప్ తోటలను నాశనం చేసింది. తోటలు మళ్ళీ నాటుకున్నప్పుడు, సరిగా కాపు నిలవని ఈ రకాన్ని రైతులు వదిలేశారు. అంతకుముందే చిలీకి వెళ్ళిన కొమ్మల్లో ఇదీ ఉంది. అక్కడ మెర్లో తోటల్లో కలిసిపోయి వందేళ్ళకు పైగా మెర్లో పేరుతోనే బతికింది. 1994 నవంబరులో ఫ్రెంచి ద్రాక్ష శాస్త్రజ్ఞుడు జాన్-మిషెల్ బూర్సికో చిలీలోని మైపో లోయలో ఒక తోటలో నడుస్తూ, ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని గుర్తుపట్టారు. మెర్లో కంటే మూడు నాలుగు వారాలు ఆలస్యంగా పండే ద్రాక్షను మెర్లోతో పాటే కోసేయడం వల్ల ఆ వైన్లలో పచ్చి క్యాప్సికం వాసన గుప్పుమనేది. విడిగా ఆగి కోయడం మొదలయ్యాక మిరియాలు, కాల్చిన క్యాప్సికం, చాక్లెట్ రుచులు పైకి వచ్చాయి. చిలీ వైన్లు బెంగళూరు దుకాణాల్లో అరుదేమీ కాదు కాబట్టి మీ మొదటి సీసా ఇదే కావచ్చు. ఒకే కంపెనీ మెర్లో, కార్మెనేర్ రెండూ దొరికితే రెండూ కొని పక్కపక్కన పోసుకోండి. నిపుణులకే వందేళ్ళ పాటు తేడా తెలియని ద్రాక్షల మధ్య తేడా మీ నాలుకకు ఒక్క సాయంత్రంలో తెలుస్తుంది.

ఇప్పుడు ఇంటికి దగ్గరగా రండి. హంపి దగ్గరి కొండల్లో, తెలుగువారైన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు పెంచిన క్రిస్మా తోటలో సాంజియోవేజే పండింది. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి వాళ్ళూ ఇదే ద్రాక్షను ఇష్టంగా పెంచారు. సాంజియోవేజే ఇటలీలో టస్కనీ ద్రాక్ష, కియాంటి వైన్‌కు ప్రాణం. దక్కన్‌లో పండించడం తేలిక కాదు. యూరప్‌లో తీగ చలికాలం ఆకు రాల్చి నిద్రపోతుంది. ఇక్కడ దానికి నిద్ర లేదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, ఎండల్లో ఒకసారి కొమ్మ పెరగడానికి, వానలు తగ్గాక ఇంకోసారి కాపు కోసం. కోత జనవరి నుంచి మార్చి లోపల. అంత శ్రమ పడి పండించిన సాంజియోవేజే మన దగ్గర ఉండగా, ఎండలో మగ్గిన సాదాసీదా దిగుమతి సీసాకు అంతకంటే ఎక్కువ ఇవ్వడం నాకు మనస్కరించదు.

హంపి నుంచి దారి నేరుగా సిసిలీకి వెళుతుంది. సాంజియోవేజేకూ మాంటోనికో బియాంకో అనే, దక్షిణ ఇటలీలోని కలాబ్రియా తెల్ల ద్రాక్షకూ పుట్టిన బిడ్డలు ఇద్దరు. ఒకటి కలాబ్రియాలోని గల్యోప్పో, రెండోది ఎట్నా అగ్నిపర్వతం మీద పండే నెరెల్లో మస్కలేజే. ఈ రెండో బిడ్డ దగ్గర కాసేపు ఆగాలి. ఎట్నా ఇప్పటికీ బూడిద కక్కే పర్వతం. నల్లటి లావా రాళ్ళతో కట్టిన మెట్ల మీద, వెయ్యి మీటర్ల ఎత్తు దాకా తోటలు ఉన్నాయి. ఇసుకలా ఉండే ఆ నేలల్లో ఫిలోక్సెరా బతకలేదు. అందుకే అక్కడ కొన్ని తోటల్లో నూరేళ్ళు దాటిన తీగలు సొంత వేర్ల మీదే నిలబడి ఉన్నాయి. కోత అక్టోబరు దాకా సాగుతుంది. గ్లాసులో పోసి వెనక తెల్ల కాగితం పట్టుకుని చూడండి. మీకు అలవాటైన షిరాజ్‌లో కాగితం మీది అక్షరాలు కనబడవు, ఈ ద్రాక్షతో చేసే ఎట్నా రోసో వైన్‌లో చదవగలుగుతారు. ఇంత పలచని రంగు చూసి నీళ్ళలా ఉంటుందనుకుంటే, గుటక వేశాక చిగుళ్ళు పట్టేసే వగరు, దాని వెనక ఎర్ర చెర్రీల పులుపు, ఎండిన మూలికల వాసన వస్తాయి. రంగును బట్టి వైన్ బలాన్ని అంచనా వేసే అలవాటు ఈ ఒక్క గ్లాసుతో పోతుంది.

మీరు అడగకపోయినా జిన్‌ఫాండెల్ గురించి ఒక మాట. నాసిక్‌లో అది చాలా ఏళ్ళుగా పండుతోంది, మీరు తాగే ఉంటారు. అది అమెరికా ద్రాక్ష అని కాలిఫోర్నియా వాళ్ళే నమ్ముకున్నారు. 2001లో డేవిస్‌కు చెందిన కరోల్ మెరెడిత్, క్రొయేషియా శాస్త్రజ్ఞులు ఇవాన్ పేయిచ్, ఎది మాలెతిచ్ కలిసి దాని పుట్టిల్లు అడ్రియాటిక్ తీరంలో స్ప్లిట్ నగరం పక్కన కాష్టెలా అని కనుక్కున్నారు. అప్పటికి అక్కడ ఒక ముసలి తోటలో కొద్ది తీగలే మిగిలి ఉన్నాయి. ఇటలీలో ప్రిమితీవో అన్నది కూడా ఇదే ద్రాక్ష. అదే తీరంలో డాల్మేషియా కొండచరియల మీద పండే ప్లావాచ్ మాలి దీని బిడ్డ.

సపెరావికి వస్తాను. ఇది ఈ కుటుంబాలు వేటిలోనూ చేరదు, కాకసస్ పర్వతాల కిందిది. నల్ల ద్రాక్షల్లో దాదాపు అన్నింటికీ లోపలి కండ తెల్లగానే ఉంటుంది, రంగంతా తొక్కలోది. సపెరావికి కండ కూడా ఎరుపే. మీరు చూసిన ఆ నలుపుకు కారణం అది. పులుపు కూడా సహజంగానే ఎక్కువ. జార్జియా తూర్పున కాఖేతి ప్రాంతంలో దీన్ని నేలలో మెడ దాకా పాతిన పెద్ద మట్టి కుండల్లో పులియబెట్టే పద్ధతి ఉంది. ఆ కుండల పేరు క్వెవ్రి. ఆ పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దేశంలో దొరికిన మట్టి పాత్రల పెంకుల్లో దాదాపు 8,000 ఏళ్ళనాటి వైన్ ఆనవాళ్ళు తేలాయి. సపెరావి సీసా కొనేటప్పుడు జాగ్రత్త ఒకటుంది. లేబుల్ మీద ముకుజాని అని ఉంటే అది తీపి లేని, పీపాల్లో మగ్గబెట్టిన సపెరావి. కిండ్జ్‌మరౌలి అని ఉంటే ద్రాక్ష అదే అయినా సగం తీపి వైన్. మీరు తాగిన పులుపును ఆశించి కిండ్జ్‌మరౌలి కొంటే నిరాశ పడతారు.

మీ శ్రీమతి మాత్రం నిరాశపడరు. ఆమె సీసా ఇదే. నల్ల పండు రుచి, తీపి, ఆ తీపి మొహం మొత్తనివ్వని పులుపు అన్నీ ఉంటాయి. బెంగళూరు బ్లూ నచ్చడంలో తక్కువతనం ఏమీ లేదు. అది ఈ నేల ద్రాక్ష, బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్ళాపుర, కోలారు రైతుల చేతుల్లో నూరేళ్ళకు పైగా నిలిచి భౌగోళిక గుర్తింపు సంపాదించింది. వంశం అమెరికా లాబ్రుస్కా జాతి. ఆ పరిమళం యూరప్ వైన్ ద్రాక్షల్లో ఉండదు కాబట్టి వాటిలో దాన్నే వెతికితే దొరకదు. ఆమెకు నచ్చేది తీపీ పండు వాసనా అయితే ఇటలీలోని పీడ్‌మాంట్‌లో బ్రకేత్తో అనే ద్రాక్షతో చేసే, సన్నని నురగ ఉండే తియ్యటి ఎర్ర వైన్ ఉంది. గులాబీ, స్ట్రాబెర్రీ వాసన, ఆల్కహాల్ కూడా తక్కువ. చల్లగా తాగాలి. లాంబ్రుస్కో అనే ఇటలీ నురగ వైన్‌లోనూ తియ్యటి రకాలు ఉన్నాయి, లేబుల్ మీద అమాబిలే, దోల్చే అన్న మాటలు చూసి కొనండి. సెక్కో అంటే తీపి లేనిది.

ఇక మీ నెల్లూరు వంట. వైన్‌తో భోజనం గురించి బయట చెప్పే సూత్రాలు మన కంచంలో పనిచేయవు. అక్కడి లెక్కలో కారం లేదు, చింతపండు లేదు. మనకు చూసుకోవలసినవి మూడు. ఆల్కహాల్ ఎక్కువైన కొద్దీ మిరపకాయ మంట పెరుగుతుంది. వగరు వైన్ నోటిని ఆరబెడుతుంది కాబట్టి కారం ఇంకా గుచ్చుకుంటుంది. కూర పులుపుగా ఉంటే వైన్ కూడా అంతే పులుపుగా ఉండాలి, లేకపోతే వైన్ చప్పగా, చచ్చిపోయినట్టు అనిపిస్తుంది. అంటే మన కూరల పక్కకు పులుపు ఎక్కువ, వగరు తక్కువ, ఆల్కహాల్ 13 లోపు ఉన్న వైన్లు కావాలి. దుకాణంలో ఎక్కువగా దొరికే కాబర్నే, షిరాజ్‌లు దీనికి సరిగ్గా తిరగబడి ఉంటాయి. పెద్దగా తెలియని ద్రాక్షలు మనకు కేవలం కుతూహలం తీర్చుకోవడానికి కాదు, భోజనానికే అవసరం అని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇది.

చేపల పులుసుతోనే చూడండి. రెడ్ వైన్‌తో చేప తింటే నోట్లో తుప్పు వాసన లాంటిది తగులుతుంది. ఆ నీచుకు కారణం వైన్‌లోని ఇనుము అని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. చింతపండు, మామిడికాయ ముక్కలు ఆ నీచును సగం కడిగేస్తాయి. ఆ పక్కన సిసిలీ దక్షిణాన విత్తోరియాలో పండే ఫ్రపాటో పెట్టండి. ఇది కూడా సాంజియోవేజేకు రక్తసంబంధీకురాలే. వగరు లేదనే చెప్పాలి, చెర్రీ పులుపు, పూల వాసన. ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచి, చల్లగా పోయండి. గోంగూర మాంసానికి మీ సపెరావి సరిజోడు. పులుపుకు పులుపు, మాంసానికి తగ్గ ఒళ్ళు. మిరియాలు దంచి వేసిన మటన్ వేపుడుకు ఆస్ట్రియాలోని బుర్గెన్‌లాండ్ నుంచి వచ్చే బ్లౌఫ్రాంకిష్ పెట్టండి, దానిలోనూ మిరియాల ఘాటు ఉంటుంది. గుత్తివంకాయకు గ్రీసులోని నెమియా ప్రాంతపు అగియోర్గీతికో బాగుంటుంది. వేరుశెనగ, నువ్వుల మసాలాకు దాని మెత్తదనం నప్పుతుంది. నైరుతి ఫ్రాన్స్‌లోని మదిరాన్ ఊరి టన్నా, ఇటలీలో ఉంబ్రియా ప్రాంతపు సగ్రంతీనో లాంటి మహా వగరు ద్రాక్షలను మన కారం దగ్గరికి రానివ్వకండి. వాటికి కొవ్వు బాగా ఉన్న, కారం తగ్గించిన మాంసం కావాలి. పప్పుచారు, రసం రోజున మాత్రం వైన్ జోలికి పోకండి. ఆ వేడి ద్రవం పక్కన ఏదీ నిలవదు.

యూరప్ సీసాల మీద చాలాసార్లు ద్రాక్ష పేరు ఉండదు, ఊరి పేరే ఉంటుంది. మీ జాబితా పట్టుకుని వెతికినప్పుడు నాలుగో అయిదో కనిపించాయి అన్నారు. బహుశా ఇంకొన్ని మీ కళ్ళ ముందే ఉండి ఉంటాయి. నౌసా అని ఉంటే ఉత్తర గ్రీసులోని క్సినోమావ్రో. రంగు తొందరగా ఇటుక ఎరుపుకు దిగుతుంది, ఎండబెట్టిన టమాటా, ఆలివ్ వాసన, వగరూ పులుపూ రెండూ ఎక్కువే. బియెర్సో, రిబెయిరా సాక్రా అని ఉంటే స్పెయిన్ వాయవ్య మూలలోని మెన్సియా, పలకరాయి వాలుల మీద పండేది. తవురాసి అంటే దక్షిణ ఇటలీ ద్రాక్ష అల్యానికో. కాహోర్ అంటే మాల్బెక్, అర్జెంటీనాకు వలస వెళ్ళకముందు దాని సొంత ఊరు. అలాగే ఒకే ద్రాక్షకు నాలుగు పేర్లు ఉంటాయి. ఆస్ట్రియా బ్లౌఫ్రాంకిషే హంగరీలో కేక్‌ఫ్రాంకోష్, జర్మనీలో లెంబెర్గెర్, స్లొవేకియాలో ఫ్రాంకోవ్కా. మీ వందలో ఇలాంటి మారుపేర్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి సరిచూసుకోండి.

కొనడం గురించి. అరుదైన పేరున్న సీసా చాలా దుకాణాల్లో కదలదు, లైటు కింద నిలబడి నిలబడి పాడవుతుంది. కోత సంవత్సరం చూడండి. ఫ్రపాటో లాంటి తేలిక వైన్ అయిదారేళ్ళ పాతది అయితే వద్దు. క్సినోమావ్రో, అల్యానికో అయితే పదేళ్ళున్నా పరవాలేదు. సీసాను వెలుతురుకు పట్టి మెడలో వైన్ ఎంత మట్టంలో ఉందో చూడండి, భుజం దగ్గరికి దిగి ఉంటే తీసుకోవద్దు. మూత మీద వేలు పెట్టి తడమండి. కార్కు లోపల నుంచి ఉబ్బి పైకి తన్నుకొచ్చినా, మూత అంచున జిగురుగా మరక ఉన్నా అది ఎండకు ఉడికిన సీసా. ధర సగానికి తగ్గించి ఇచ్చినా వద్దు. విదేశాల నుంచి వచ్చే బంధుమిత్రులు ఎవరైనా ఉంటే ఇంకో దారి ఉంది. పెద్దవాళ్ళు ఒక్కొక్కరు 2 లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. చాక్లెట్ల బదులు ముకుజాని తెమ్మని అడగండి.

నాలుగు వేలు తక్కువేమీ కాదు, ఒక్కరే ఖర్చుపెడితేనే తక్కువ. వైన్ మీద ఆసక్తి ఉన్న ఆరేడుగురు స్నేహితులు నెలకోసారి కూడి, ఒక్కొక్కరు ఒక్కో సీసా తెచ్చుకోండి. 60 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే ఒక సీసా పన్నెండు మందికి సరిపోతుంది. సీసాలకు పేపరు చుట్టేయండి. ఒక మామూలు షిరాజ్ కూడా వాటి మధ్య పెట్టండి, అది లేకపోతే మిగతావాటిని కొలవడానికి గీటురాయి ఉండదు. ఉమ్మడానికి ఒక గిన్నె పెట్టండి, ఇళ్ళకు వెళ్ళడానికి టాక్సీలు మాట్లాడుకోండి. ప్రతి గ్లాసుకూ మూడు ప్రశ్నలు చాలు. పులుపు ఎంత, వగరు ఎంత, ఒళ్ళు ఎంత. పండ్ల పేర్లు, పూల పేర్లు తర్వాత వాటంతట అవే వస్తాయి.

గది ఉష్ణోగ్రత దగ్గర తాగాలన్న మాట చల్లటి దేశాలది. బెంగళూరులో ఏప్రిల్ నెలలో గది 28 డిగ్రీలు ఉంటుంది, ఆ వేడిలో ఏ రెడ్ వైన్ అయినా ఆల్కహాల్ వాసనే కొడుతుంది. చిక్కటి వైన్లను అరగంట, తేలిక వైన్లను గంట ఫ్రిజ్‌లో ఉంచి తీయండి.

మీ మొదటి మూడు నెలలకు నా మాట ఇది. మొదటి నెల కార్మెనేర్‌ను మెర్లో పక్కన పెట్టండి. రెండో నెల హంపిదో అక్లూజ్‌దో ఒక సాంజియోవేజే. మూడో నెల, అది నచ్చితే, దాని బిడ్డ అయిన ఎట్నా వైన్. మూడో సీసాకు నెల బడ్జెట్టంతా పోవచ్చు, అయినా పెట్టండి. ఒక్క సాయంత్రంలో సీసా ఖాళీ చేయాల్సిన పని లేదు. కార్కు బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. సపెరావి, క్సినోమావ్రో, డ్యూరిఫ్ లాంటి వగరు వైన్లయితే గాలి తగిలి రెండో రోజు ఇంకా మెత్తబడతాయి. మొదటి రోజు నచ్చలేదని సింకులో పోసేయకండి.